సైలెన్సర్ గొట్టానికి మూడు బెజ్జాలు

నా పేరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా మీ రైటరు గారు పైన రాసుకున్నారు. వయసు యాభై మూడు. పెద్ద రోడ్డులో పెట్రోలు బంకుకు ఎదురుగా కార్ల స్పేర్ పార్టుల దుకాణం నడుపుతున్నాను. మా నాన్న పెట్టిన దుకాణం అది. ఆయన పోయినప్పటి నుంచి కౌంటరు దగ్గర నేనే కూర్చుంటున్నాను. మా ఆయన నీళ్ల పన్ను ఆఫీసులో గుమాస్తా. ఆయనకు ప్లగ్గుకూ పంపుకూ తేడా తెలియదు, తెలుసని ఎప్పుడూ చెప్పుకోలేదు కూడా. ఆ ఒక్క మంచి గుణం మా మరిదికి ఉండి ఉంటే నేను ఇవాళ దుకాణం మూసుకుని స్టేషన్‌కు వచ్చే అవసరం ఉండేది కాదు.

మరిది అంటే నా చెల్లెలి భర్త. పరుపుల షోరూములో మేనేజరు. నా చెల్లెలు ఇప్పుడు పెద్దాసుపత్రి మూడో అంతస్తులో ఉంది. వాళ్ల పాత పెట్రోలు కారులోకి ఇంజన్ పొగ చేరి, వెనక సీట్లో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే స్పృహ తప్పింది. పొగ లోపలికి రావడానికి కారణం సైలెన్సర్‌కు ముందు గొట్టానికి వేసిన మూడు బెజ్జాలు. అవి మెకానిక్ వేశాడని మా మరిది మీకు రాసిచ్చాడు. మీరు మెకానిక్‌ను తీసుకొచ్చి లోపల కూర్చోబెట్టారు. ఆ బెజ్జాలు వేసింది మెకానిక్ కాదు, మా మరిది. వేస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను. ఆ మాట చెప్పడానికే వచ్చాను. మొదటి నుంచి చెప్పమన్నారు కాబట్టి మిగతాది కూడా చెబుతున్నాను.

మెకానిక్ మీద నాకేదో అభిమానం ఉందని మాత్రం రాసుకోకండి. అతని షెడ్డు మా దుకాణానికి రెండు సందులు అవతల ఉంది. సాయంత్రం ఇస్తానన్న బండి ఎల్లుండి ఇస్తాడు. ఏమైందయ్యా అంటే మొహం అటు తిప్పుకుంటాడు. నా దగ్గర కొత్త సామాను కొనకుండా ఎక్కడెక్కడివో పాత సామాను తెచ్చి, నూనె గుడ్డతో తుడిచి, కొత్తదని బిగించిన సందర్భాలు నాకు తెలుసు. ఆ సంగతుల మీద కేసు పెడతానంటే దానికీ వచ్చి సాక్ష్యం చెబుతాను. కానీ చెయ్యని పనికి మనిషిని లోపల వెయ్యడం నేను చూస్తూ ఊరుకోను.

ఇక కారు సంగతి. ఎండాకాలం మొదట్లో ఒక రోజు మా మరిది దుకాణానికి వచ్చాడు. అతను చొక్కా జేబులో టైరు గాలి కొలిచే గేజి పెట్టుకుని తిరుగుతాడు. మిగతా వాళ్లు పెన్ను పెట్టుకునే చోట. బండి లాగట్లేదు వదినా అన్నాడు. చదును రోడ్డు మీద ఏదో పోతోంది కానీ వంతెన ఎక్కాలన్నా, ముందు బండిని దాటాలన్నా ఎంత తొక్కినా అందుకోవడం లేదని చెప్పాడు.

అడగవలసినవి నేను అడిగాను. నల్ల పొగ వస్తోందా అంటే లేదన్నాడు. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ వణుకుతోందా అంటే గడియారంలా తిరుగుతోందన్నాడు. వేడెక్కుతోందా అంటే అదీ లేదు. పెట్రోలు ఎక్కువ తాగుతోందా అంటే, ఇదివరకటి కంటే కాస్త తక్కువే తాగుతోందని గర్వంగా చెప్పాడు. జబ్బు చేసిన ఇంజన్ ఎక్కడైనా తిండి తగ్గించుకుని ఇంత నెమ్మదిగా ఉంటుందా సార్? ఇంజన్‌లో ఏమీ లేదు, చక్రాన్ని ఏదో పట్టుకుంటోంది, బ్రేకు అంటుకుపోయిందేమో, జాకీ పెట్టి నాలుగు చక్రాలూ ఎత్తి చేత్తో తిప్పి చూడు అన్నాను. నేను చెప్పింది కూడా తప్పేనని తరువాత తేలింది. అయితే నా తప్పుకు ఒక చక్రం తిప్పి చూస్తే సరిపోయేది. ఎవరూ ఆసుపత్రిలో చేరవలసిన అవసరం ఉండేది కాదు.

అతను చక్రం తిప్పలేదు. "ప్లగ్గులు మార్చి చూద్దాం వదినా" అన్నాడు.

"చూసి మార్చాలి బాబూ, మార్చి చూడటం కాదు" అన్నాను.

"సామాను అమ్ముకునే వాళ్లే కొనొద్దంటే ఎలా వదినా? మిమ్మల్ని ఈ కౌంటర్లో కూర్చోబెట్టిన మీ నాన్నగారిని అనాలి" అని నవ్వాడు. వదినతో సరసాలు ఆడే హక్కు తనకు ఉందని అతని ధీమా.

ప్లగ్గులు మార్చాడు. విప్పిన పాతవి కవర్లో వేసుకుని నాకు చూపించడానికి తెచ్చాడు. అవి లేత ఇటుక రంగులో చక్కగా కాలి ఉన్నాయి. మసి లేదు, నూనె లేదు. అంత ఆరోగ్యంగా ఉన్న ప్లగ్గులను విప్పి పారేసిన మనిషిని నేను అదే మొదటిసారి చూడటం. వాటిని నా కౌంటరు మీద పోసి, ఎలా తగలడ్డాయో చూశారా అని వాటి మీద చాడీలు చెప్పాడు. కొత్తవి వేశాక బండి గుర్రంలా పరిగెడుతోందన్నాడు. రెండు రోజులు గడవకుండానే మళ్లీ వచ్చి, లాగట్లేదు వదినా అన్నాడు.

ఆ తరువాత గాలి ఫిల్టరు మార్చి చూశాడు. పెట్రోలు ఫిల్టరు మార్చి చూశాడు. ప్లగ్గు వైర్లు మార్చి చూశాడు. మార్చిన ప్రతిసారీ బండి గుర్రం అయ్యేది. రెండు రోజుల్లో మళ్లీ మామూలే. ఆఖరికి బంకు కూడా మార్చి చూశాడు. పెట్రోల్లో కల్తీ ఉందని, మా ఎదురు బంకు వాళ్లతో అందరూ చూస్తుండగా గొడవ పెట్టుకున్నాడు. మా వీధిలో వాళ్లు అతనికి ఇంజన్ డాక్టరు అని పేరు పెట్టారు. వెక్కిరింపు అని అతనికి తలకెక్కలేదు. ఆ పేరుతో పిలిస్తే ఆగి మరీ పలికేవాడు.

మా చెల్లెలు ఏమనేది అని అడిగారు. ఏమీ అనేది కాదు. ఆయనకు అదొక సరదా అక్కా, పోనీలే అనేది. అది బడిలో చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. ఇంటికొచ్చి ఇతన్ని కూడా వాళ్లలో కలిపి చూసుకునేదని నా అనుమానం. ఇరవై ఏళ్లుగా అతను ఇంట్లో మిక్సీ విప్పినా, కుళాయి విప్పినా, టార్చి పట్టుకుని పక్కన నిలబడటం దాని పని.

అలా మార్చడానికి ఇంకేమీ మిగలక ఒక శనివారం బండిని మెకానిక్ షెడ్డులో పెట్టాడు. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి నా దుకాణానికి వచ్చారు. మెకానిక్ పెట్రోలు పంపు బలహీనంగా ఉందన్నాడు. అదీ తప్పే. దాని కింద వేసే గ్యాస్కెట్ కావాలని అడిగాడు. నేను లోపలి అర నుంచి గ్యాస్కెట్ తీస్తుంటే మా మరిది తన కొత్త సిద్ధాంతం మొదలుపెట్టాడు. సైలెన్సర్ మూసుకుపోయింది, పొగ బయటికి పోవడం లేదు, అందుకే ఇంజన్‌కు ఊపిరి ఆడటం లేదు, గొట్టానికి రెండు మూడు బెజ్జాలు వేస్తే చాలని ఫోన్లో ఎవరో చూపించారు అన్నాడు. ఈ పని నువ్వు చెయ్యి అని మెకానిక్‌తో అన్నాడు.

మెకానిక్ ఆ మాటకు సమాధానం చెప్పిన తీరు నాకు బాగా గుర్తుంది. అతను ఎప్పుడూ మొహం చూసి మాట్లాడడు. ఆ రోజు చూసి మాట్లాడాడు.

"బెజ్జాలు నేను వెయ్యను సార్. లోపలికి పొగ కొడితే మనుషులు పోతారు. సైలెన్సర్ పోయిందనుకుంటే విప్పి కొత్తది వేస్తా. బెజ్జం మాత్రం వెయ్యను" అన్నాడు.

చేతకాకపోతే చేతకాదని చెప్పమని మా మరిది ఎకసెక్కం చేశాడు. మెకానిక్ నా చేతిలోంచి గ్యాస్కెట్ తీసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి పంపు శుభ్రం చేసి బిగించాడు, మా మరిది బండి ఇంటికి తీసుకుపోయాడు. మెకానిక్ ఆ శనివారమే బెజ్జాలు వేశాడని మా మరిది మీకు రాసిచ్చాడు. ఆ శనివారం సాయంత్రం ఆ బండి మా దుకాణం ముందు నుంచే పోయింది. దాని చప్పుడు మామూలుగానే ఉంది. గొట్టానికి బెజ్జాలు ఉన్న బండి ఎలా అరుస్తుందో ఆ మర్నాటి నుంచి మా వీధి మొత్తానికి తెలుసు.

మర్నాడు ఆదివారం. ఉదయం పదిన్నర ప్రాంతంలో నేను మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. దాని కుట్టు మిషనుకు బెల్టు తెగితే కొత్తది తీసుకెళ్లాను. గేటు తీసేసరికి పోర్టికోలో కారు ఎడమ వెనక చక్రం ఇటుకల మీద ఉంది. కారు కింద నుంచి రెండు కాళ్లు బయటికి ఉన్నాయి. ఆ కాళ్లు మా మరిదివి. వంటింటి కిటికీలోంచి వైరు లాగి ఉంది. వైరు చివర డ్రిల్లు మిషను, షోరూములో మంచాలు బిగించడానికి వాడేది, దాని మీద షోరూము స్టిక్కరు కూడా ఉంది. మా చెల్లెలు గొంతుక్కూర్చుని టార్చి పట్టుకుంది. దాని ముంజేతి మీద ఇనుప రజను పడి మెరుస్తోంది. అప్పటికి రెండు బెజ్జాలు అయ్యాయి.

ఏం చేస్తున్నావని అడిగాను. ఆపరేషన్ వదినా అని కింద నుంచి సమాధానం వచ్చింది.

నిన్న ఆ మెకానిక్ చెప్పింది నీ చెవిన పడలేదా, పొగ లోపలికి రాదా అన్నాను. అందుకు అతను డ్రిల్లు ఆపి, చదువు రాని వాళ్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు.

"బండి ముందుకి పోతుంది కదా వదినా. పొగ వెనక్కి పోతుంది. చిన్న లాజిక్."

"మరి బండి ఆగినప్పుడో?" అన్నాను.

అతను డ్రిల్లు ఆన్ చేశాడు. మూడో బెజ్జం వేశాడు. నేను నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను, డ్రిల్లు చప్పుడులో ఒక్కటీ అతనికి వినపడలేదు. చెల్లెలికి వినపడ్డాయి. ఊరుకో అక్కా అని కళ్లతోనే బతిమాలింది. బెల్టు కుట్టు మిషను మీద పెట్టి, టీ కూడా తాగకుండా వచ్చేశాను. మీరు ఆ గొట్టం చూసే ఉంటారు. మూడు బెజ్జాలు మూడు దిక్కులు చూస్తుంటాయి, ఒకటి సాగిపోయి గింజలా ఉంటుంది. మెకానిక్ ఎంత సోమరి అయినా అంత అసహ్యంగా వెయ్యడు.

ఆ రోజు నుంచి బండి చప్పుడు ట్రాక్టరును మించిపోయింది. అతని ఆనందం చెప్పనలవి కాదు. ఇప్పుడు లాగుతోంది చూశారా వదినా అని నా దుకాణం ముందు ఆపి మరీ ఇంజన్ రేస్ చేసి వినిపించాడు. చప్పుడు పెరిగింది కానీ వేగం పెరగలేదు. వంతెన మీద ఆటోలు ఎప్పటిలాగే అతన్ని దాటి పోయేవి. అరుపు పెరిగితే బలం పెరిగినట్టేనని నమ్మే మనిషికి ఏం చెబుతాం.

చెల్లెలికి తలనొప్పులు మొదలయ్యాయి. రోజూ బడికి అతనే కారులో దింపేవాడు. బడికి వెళ్లేసరికి తల బరువెక్కుతోంది, వాంతి వచ్చినట్టు ఉంటోంది, మధ్యాహ్నానికి తగ్గుతోంది, సాయంత్రం ఇంటికొచ్చేసరికి మళ్లీ మొదలు అని నాకు ఫోన్లో చెప్పింది. కారు ఎక్కడం మానెయ్యవే, బస్సులో పో అన్నాను. రెండు రోజులు బస్సులో వెళ్లింది, తలనొప్పి రాలేదు. మూడో రోజు, కారు ఉండగా బస్సు ఎక్కడం నాకు నామోషీ అని అతను మొహం మాడ్చుకుంటే మళ్లీ కారెక్కింది.

తలనొప్పికి కూడా అతని వైద్యం అదే. తలగడ మార్చి చూద్దాం అన్నాడు. షోరూము నుంచి మెడకు వంపు ఉన్న తలగడ తెచ్చాడు. కళ్లజోడు మార్చి చూద్దాం అన్నాడు. కొత్త అద్దాలు వేయించాడు. టీ మాన్పించి కాఫీ పెట్టించాడు, కాఫీ మాన్పించి వేడినీళ్లు తాగించాడు. డాక్టరును మార్చాడు, మాత్రలు మార్చాడు. కారు ఒక్కటే మార్చలేదు. ప్రేమ లేదని నేను అనను, అలా అంటే అబద్ధం అవుతుంది. తలగడ తెచ్చిన రోజు రాత్రంతా దాని కాళ్లు పట్టాడని చెల్లెలే చెప్పింది. ఆ ప్రేమ వల్లే అది కారు దిగలేకపోయింది. నిజంగా దుర్మార్గుడైతే నా చెల్లెలు ఏనాడో మా ఇంటికి వచ్చేసేది.

ఇక ఆ రోజు సంగతి. పోయిన నెల రెండో శనివారం. ఆ ప్రయాణంలో నేను లేను, అందులో ఏదీ నేను చూడలేదు. ఆసుపత్రి వరండాలో మా మరిది తన నోటితో నాకు చెప్పిన మాటలే చెబుతున్నాను. నేను అడగకుండానే చెప్పాడు.

కొండ అవతల ఉన్న వాళ్ల అన్నయ్య ఇంటికి ఉదయం తొమ్మిదింటికి బయలుదేరారు. బండి ఎలా లాగుతోందో అన్నయ్యకు చూపించాలని ఇతని సరదా. ముందు సీట్లో పరుపు ఒకటి చుట్టి పెట్టాడు, అన్నయ్యకు కానుక. అందుకని చెల్లెలు వెనక సీట్లో కూర్చుంది. దుమ్ము పడదని దాని వైపు అద్దాలు ఎక్కించాడు. తన వైపు అద్దం దించుకున్నాడు, ఇంజన్ చప్పుడు వినాలి కదా. ముందు అద్దం ఒక్కటే తెరిచి ఉంటే కింది పొగను వెనక నుంచి లోపలికి లాక్కుంటుందని మీ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు గారు తరువాత నాకు చెప్పారు. వెనక సీటు కింద నేలలో ఉండవలసిన రబ్బరు బిరడా ఊడిపోయి ఉందని చూపించారు కూడా. కొండ మీద లారీలు వరసగా ఆగి ఉన్నాయి. వాటి వెనక చాలాసేపు ఆగుతూ కదులుతూ ఎక్కాడు. పొగ వెనక్కి పోవడానికి బండి ముందుకు పోవాలి కదా, అది పోలేదు.

ఎక్కుతున్నంతసేపూ ఇంజన్ గురించి చెల్లెలికి పాఠం చెప్పాడు. కొండ మీద టీ కొట్టు దగ్గర ఆపాడు. టీ తాగుతావా అని అడిగాడు. అది పలకలేదు. నిద్రపోయిందనుకున్నాడు. నిద్రపోనీలే అనుకుని దిగి టీ తాగాడు. ఇంజన్ ఆపలేదు, ఆపితే మళ్లీ స్టార్ట్ అవుతుందో కాదోనని. నా చెల్లెల్ని అలా వదిలేసి నిలబడి టీ తాగాడు వాడు. వాడు అన్నాను, మీ రైటరు గారు అతను అని రాస్తున్నారు. వాడు అనే రాయండి. ఇరవై ఏళ్లు అతను అన్నాను.

టీ తాగి కొండ దిగాడు. అన్నయ్య ఇంటి ముందు ఆపి వెనక తలుపు తీస్తే అది పక్కకు ఒరిగి కిందికి జారింది. మొహం ఎర్రగా ఉంది, పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. వాళ్ల అన్నయ్యే అంబులెన్సు పిలిపించాడు. ఇదంతా చెప్పి, చివర వాడు నాతో అన్న మాట ఇది. మాట పొల్లు పోకుండా చెబుతున్నాను.

"దారంతా ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు వదినా. ఇన్నాళ్లకి నా మాట శ్రద్ధగా వింటోంది అనుకున్నా."

నేను అక్కడి నుంచి లేచి చెల్లెలి గది వైపు వెళ్లిపోయాను.

ఆ తరువాత నాలుగైదు రోజులకు చెల్లెలి హ్యాండ్‌బ్యాగు కారులో ఉండిపోయిందంటే తీసుకోవడానికి ఈ స్టేషన్‌కే వచ్చాను. కారును రేకుల షెడ్డు కిందికి జరపమని మీరు కానిస్టేబుల్‌కు చెప్పారు. ఆయన ఎక్కి కూర్చుని, నా వైపు తిరిగి, ఇదేంటి మేడమ్, ఆక్సిలరేటర్ సగానికి మించి దిగట్లేదు, నా బూటుకి ఏదో మెత్తగా తగులుతోంది అన్నాడు. కిందికి వంగి చేత్తో లాగితే దళసరి పట్టా ముక్క ఒకటి వచ్చింది. షోరూములో పరుపుల కింద వేసే పట్టా. కారు మురికి కాకూడదని రబ్బరు మ్యాటు మీద దాన్ని కత్తిరించి వేశాడు. రెండూ కలిసి బొటనవేలంత మందం. పెడల్ దాని మీద ఆనుకుని అక్కడే ఆగిపోయేది. ఎంత తొక్కినా తొక్కింది పట్టానే. అది తీసేశాక కానిస్టేబుల్ కాలు పెట్టగానే బండి ఉలిక్కిపడి గేటు దాకా దూకింది. మీరు కూడా వరండాలో నిలబడి చూశారు.

సగం తొక్కిన ఇంజన్ సగమే లాగుతుంది, తక్కువే తాగుతుంది. దానికి ఏ జబ్బూ లేదు. ప్లగ్గులు మంచివి, ఫిల్టర్లు మంచివి, పంపు మంచిది, సైలెన్సర్ మంచిది. ఎండాకాలం మొదట్లో పట్టా పరిచాడు, ఆ వారమే నా దగ్గరికి వచ్చాడు. పాదం కింద ఏముందో ఒక్కసారి వంగి చూసుకుంటే సరిపోయేది. కారు కింద దూరి పడుకోవడానికి ఓపిక ఉంది కానీ తల వంచి తన కాళ్ల దగ్గర చూసుకోవడానికి ఓపిక లేదు.

ఈ సంగతి వాడికి నేనే ఫోన్ చేసి చెప్పాను. అయినా సైలెన్సర్ కూడా కొంత మూసుకుపోయే ఉంటుంది వదినా అన్నాడు.

మర్నాడు దుకాణానికి వచ్చాడు. మొదటిసారి ఏ సామానూ అడగలేదు. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. గడ్డం పెరిగి ఉంది. వాణ్ణి చూస్తే జాలి వెయ్యలేదని చెప్పను, వేసింది, దానికి నా మీద నాకే కోపం వచ్చింది.

"వదినా, ఆ రోజు మీరు మా ఇంటికి రాలేదనుకోండి. అంతే చాలు. కేసు నా మీదికొస్తే నా ఉద్యోగం పోతుంది. రేపు దాన్ని చూసుకునేదెవరు? ఆ మెకానిక్‌కి ఇలాంటివి మామూలే, నాలుగు రోజులుండి వచ్చేస్తాడు" అన్నాడు.

"ఆ మెకానిక్ వద్దన్నాడు కదరా" అన్నాను. ఆ 'రా' ఎలా వచ్చిందో నాకు తెలియదు.

"వద్దన్నట్టు మనిద్దరికే కదా వదినా తెలుసు" అన్నాడు.

ఇంత తెలివి వాడికి ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఇది ఇంజన్ దగ్గర ఎప్పుడూ బయటపడలేదు. అప్పటికి కూడా నేను మీ దగ్గరికి రాలేదు. చెల్లెలు కోలుకుంటుంది, జరిగింది తనే చెబుతుంది, భార్య చెబితే వాడు కూడా ఒప్పుకుంటాడు అనుకున్నాను. నేను చెబితే వదిన సాధింపు అంటారు. దాని కాపురం నా నోటితో చెడటం ఎందుకని ఆగాను.

నిన్న సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రికి వెళ్లాను. చెల్లెలు దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ఇప్పుడు మాట్లాడుతుంది, కానీ ఒక్కో మాట వెతుక్కుని మాట్లాడుతుంది. తన బడి గుర్తుంది, మా అమ్మ గుర్తుంది, నేను గుర్తున్నాను. పొగ పీల్చిన రోజు, దానికి ముందు కొన్ని నెలలు గుర్తు లేవు. అవి తిరిగి రావచ్చు, రాకపోవచ్చని డాక్టరు నాతో చెప్పారు. మంచం పక్కన స్టూలు మీద మా మరిది కూర్చుని యాపిల్ పండు చెక్కు తీస్తున్నాడు. షోరూముకు సెలవు పెట్టి రోజూ పొద్దున్నుంచి రాత్రి దాకా అక్కడే ఉంటున్నాడు. నర్సులందరూ వాణ్ణి మెచ్చుకుంటున్నారు.

చెల్లెలు తన రెండు చేతులూ దుప్పటి మీద పెట్టుకుని చూసుకుంటూ నాతో అంది.

"అక్కా, ఆ మెకానిక్ గొట్టానికి బెజ్జాలు వేస్తుంటే, టార్చి నేనే పట్టుకున్నానట."

ఎవరు చెప్పారే అని అడిగాను.

"ఆయనే. నాకేం గుర్తుండట్లేదని రోజూ మొదటి నుంచి చెబుతున్నారు, పాపం" అంది.

మా మరిది తల ఎత్తలేదు. యాపిల్ ముక్క కోసి దాని నోటికి అందించాడు. అది తింది.

సార్, ఊళ్లో వాళ్ల గురించి అయితే 'అట' అంటాం. తన చేతులు, తను పట్టుకున్న టార్చి, దాని గురించి నా చెల్లెలు 'అట' అంది. అది అబద్ధం చెప్పడం లేదు. వాడు చెప్పింది నమ్ముతోంది. మీరు దాని దగ్గర కూడా వాంగ్మూలం తీసుకుంటారని మెకానిక్ భార్య నాతో చెప్పింది. తీసుకోండి. కానీ వాడు ఇంకో వారం, పది రోజులు పక్కన కూర్చుని ఇలాగే చెబితే ఆ 'అట' కూడా ఊడిపోతుంది. అప్పుడు మీ ముందు 'పట్టుకున్నాను' అంటుంది. మెకానిక్ వేస్తుంటే చూశాను అంటుంది. మనస్ఫూర్తిగా ప్రమాణం చేసి మరీ చెబుతుంది, ఆ మనిషి లోపలికి పోతాడు, నా చెల్లెలు తను కాని మనిషై ఇంటికి వెళుతుంది. అందుకే నిన్న రాత్రి మా ఆయనతో చెప్పి, ఇవాళ పొద్దున్నే వచ్చాను.

చెల్లెలి మీద నాకు ఏ కోపమూ లేదు. మరిది మీద ఉంది. అది ఈ వాంగ్మూలంలో కనిపిస్తే కనిపించనివ్వండి, దాన్ని తీసెయ్యమని నేను అడగను.

రాసింది నాకు మొత్తం చదివి వినిపించారు. ఒక్క చోట దిద్దించాను. నా చెల్లెలి మాటను రైటరు గారు 'పట్టుకున్నాను' అని రాశారు, వాక్యం సరిగ్గా ఉంటుందని. దాన్ని కొట్టేయించి అది అన్నట్టే రాయించాను. నేను కళ్లతో చూసింది చూసినట్టు, నాతో అన్నది అన్నట్టు చెప్పాను. ఎవరి ఒత్తిడీ లేదు. నా సాక్ష్యంలో నా తరఫున ఎక్కడా 'అట' లేదు. ఉన్న ఒక్కటీ నా చెల్లెలిది.

(సంతకం)